పనిముచ్చట్లు: నల్లబడ్డ వెండిని తోమకండి



మొన్న దీపావళి సంబరాల్లో భోజనాల వరుసలో నిలబడి ఉండగా ఓ పదేళ్ల పాప సూటిగా అడిగేసింది. "అంకుల్, క్రిస్మస్‌కి మా డాడీకి సెలవు, మమ్మీకి సెలవు. మీరొక్కరే ఎందుకు పనికెళ్తారు?" వాళ్ల అమ్మ "తప్పమ్మా, అలా అడగకూడదు" అని చెయ్యి పట్టి లాగింది గానీ, అందులో తప్పేముంది? మా ఇంట్లో కూడా ఏటా ఇదే ప్రశ్న. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ పాపకే.

కార్లో దగ్గర ఒక ఫ్యాక్టరీలో నాది ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని. ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడుస్తుంది. కరెంటు పూర్తిగా ఆపి, లోపలి సామాను బయటకు లాగి చూసే అవకాశం ఏడాదిలో ఒక్కసారే దొరుకుతుంది. అదే క్రిస్మస్ వారం. ఆ వారంలో మేము చేసే ముఖ్యమైన పని ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్లు, అంటే పనివాళ్ల భాషలో ఏసీబీలు విప్పి, వాటి కాంటాక్టులు చూడటం. బయటివాళ్లకు ఇది బల్బు మార్చినంత పనిలా కనిపిస్తుంది. కాదు. చెబుతాను.

మీ ఇంట్లో లైటు స్విచ్ వేసినప్పుడు లోపల రెండు లోహపు ముక్కలు కలుసుకుంటాయి. అవే కాంటాక్టులు. కలిస్తే కరెంటు పారుతుంది, విడిపోతే ఆగుతుంది. ఏసీబీ కూడా సూత్రంలో అంతే. కాకపోతే మీ లైటు తీసుకునేది ఒక ఆంపియర్ కంటే తక్కువ. మా దగ్గరున్న ఒక్కో బ్రేకర్ 1600 ఆంపియర్లు మోస్తుంది. వోల్టేజి మాత్రం 400 వోల్టులే. అందుకే దీన్ని లో వోల్టేజి అంటారు. ఆ "లో" అన్న మాట చూసి తేలిగ్గా తీసుకున్నవాళ్లు చాలామంది ఆస్పత్రి పాలయ్యారు.

కార్లోకి కరెంటు కొత్త కాదండోయ్. మన ఊళ్లలో ఆముదం దీపాలు వెలుగుతున్న రోజుల్లోనే, 1891లో, ఈ పట్టణానికి కరెంటు దీపాలు వచ్చాయి. ఊరికి దక్షిణంగా ఐదు మైళ్ల దూరంలో బ్యారో నది ఒడ్డున మిల్‌ఫర్డ్ అనే చోట పిండిమర ఉండేది. ఆ మర చక్రం తిప్పిన నీళ్లతోనే కరెంటు పుట్టించి తీగల మీద పట్టణానికి పంపారు. అయర్లండ్‌లో సముద్రతీరానికి దూరంగా ఉన్న పట్టణాల్లో అందరికంటే ముందు కరెంటు చూసినవాటిలో కార్లో ఒకటి. షానన్ నది మీద ఆర్డ్‌నక్రూషా కేంద్రం పనిచేయడం మొదలై దేశమంతా కరెంటు మాట వినడానికి 1929 దాకా పట్టింది. ఆదివారం పిల్లల్ని తీసుకుని మిల్‌ఫర్డ్ వంతెన దాకా వెళ్లి రండి. చూడ్డానికి కూడా బాగుంటుంది.

ఆ కాలపు స్విచ్‌లు ఎలా ఉండేవంటే, పలకరాయి మీద బిగించిన రాగి కత్తులు. పిడి పట్టుకుని లాగితే కత్తి దవడలోంచి బయటకొచ్చేది, ఫట్‌మని మెరుపు. ఆ మెరుపే మొదటినుంచీ మా వృత్తికి శత్రువు. దాన్నే ఆర్క్ అంటాం.

కాంటాక్టులు విడిపోయినంత మాత్రాన కరెంటు బుద్ధిగా ఆగదు. మధ్యలో ఉన్న గాలినే వేడిచేసి, దాన్నే తీగలా మార్చుకుని దూకుతూ ఉంటుంది. ఆ మంట వేడి వేల డిగ్రీలు. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. పెద్ద ఆర్క్ నడిబొడ్డు అంతకంటే వేడిగా ఉంటుంది. రాగి 1,085 డిగ్రీలకు, వెండి 962 డిగ్రీలకు కరిగిపోతాయి. మరి ఆ కాంటాక్టు బతికేదెలా?

ఇక్కడే తయారుచేసినవాళ్ల తెలివి చూడాలి. ఏసీబీలో ఒక్కో పోల్‌కి రెండు రకాల కాంటాక్టులు ఉంటాయి. రోజంతా కరెంటు మోసేవి మెయిన్ కాంటాక్టులు. మంటను భరించేవి ఆర్కింగ్ కాంటాక్టులు. తెరుచుకునేటప్పుడు ముందు మెయిన్ కాంటాక్టులు విడిపోతాయి. అప్పటికి ఆర్కింగ్ కాంటాక్టులు ఇంకా కలిసే ఉంటాయి కాబట్టి మెయిన్ వాటి దగ్గర మంట పుట్టదు. ఆ తర్వాత ఆర్కింగ్ కాంటాక్టులు విడిపోయి మంట మొత్తం మీదేసుకుంటాయి. మూసుకునేటప్పుడు వరుస తిరగబడుతుంది, ఆర్కింగ్ కాంటాక్టులే ముందు తాకుతాయి.

నాగలికి కర్రు ఎందుకో మీ తాతయ్యనడగండి. నేలలో రాళ్లకు తగిలి అరిగేది కర్రు. నాగలి మాత్రం పదిలంగా ఉంటుంది. కర్రు అరిగిందని రైతు ఏడవడు, కమ్మరి దగ్గర కొత్తది వేయించుకుంటాడు. ఆర్కింగ్ కాంటాక్టు మా కర్రు. అది గుంటలు పడి, నల్లగా, గరుకుగా కనిపించడం జబ్బు కాదు, తన పని తాను చేసిందని గుర్తు. అందుకే దాన్ని వెండిలో టంగ్‌స్టన్ కలిపి చేస్తారు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు. ఎంతవరకు అరగవచ్చో తయారీదారు పుస్తకంలో కొలత ఇస్తాడు. ఆ హద్దు దాటితే మార్చాలి. ఎందుకంటే అది మరీ అరిగిపోతే విడిపోయే వరుస తప్పి, మంట వచ్చి మెయిన్ కాంటాక్టు మీద పడుతుంది.

మంటను ఆర్పేది మాత్రం కాంటాక్టుల పైన కూర్చున్న పెట్టె, ఆర్క్ చ్యూట్. లోపల ఇనుప రేకులు దువ్వెన పళ్లలా ఉంటాయి. మంట పైకి లేచి ఆ రేకుల మధ్య ఇరుక్కుని చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒక్కో ముక్కను నిలబెట్టడానికి కొంత వోల్టేజి కావాలి. అన్నీ కలిస్తే అంత వోల్టేజి ఇవ్వడం సరఫరా వల్ల కాదు. పైగా ఇక్కడి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. అలాంటి ఒక సున్నా దగ్గర మంట ఆరిపోయి, మళ్లీ అంటుకోలేదు. ఇదంతా కనురెప్ప వేసే లోపల!

ఇక షట్‌డౌన్ రోజున ఏం చేస్తామంటే, ముందు తాళం. బ్రేకర్ ఆపి, పట్టాల మీద బయటకు లాగి, లోపలి స్ప్రింగు బిగువు వదిలించి, సరఫరా రాకుండా తాళం వేస్తాం. ఎంతమంది పనిచేస్తే అన్ని తాళాలు. ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో. ఆ తాళం కింద మా పేరు, మా ఫోటో ఉన్న చీటీ వేలాడుతుంది. స్ప్రింగు సంగతి పెద్దలు కూడా తేలిగ్గా తీసుకుంటారు. కరెంటు లేకపోయినా ఆ స్ప్రింగుకి వేలు నలిపేసే బలం ఉంటుంది.

తర్వాత ఆర్క్ చ్యూట్ తీసి మసి, పగుళ్లు, కాలిన రేకులు చూస్తాం. ఆ మసి నోటితో ఊదకూడదు. పాత బ్రేకర్ల కాంటాక్టుల్లో కాడ్మియం కలిసిన వెండి ఉండొచ్చు, మరీ పాత చ్యూట్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండేది. తగిన వ్యాక్యూమ్‌తో లాగాల్సిందే, మూతికి మాస్క్ ఉండాల్సిందే.

అప్పుడు కాంటాక్టులు. పాతకాలపు చిట్కా ఒకటి నాకు చాలా ఇష్టం. సన్నని కాగితం, కార్బన్ పేపరు కలిపి రెండు కాంటాక్టుల మధ్య పెట్టి, చేతి పిడితో మెల్లగా మూస్తాం. తెరిచి చూస్తే కాగితం మీద అచ్చు పడుతుంది. గీత వెడల్పంతా సమానంగా ఉంటే కాంటాక్టు నిండుగా కూర్చున్నట్టు. ఒక పక్కనే పడితే వంకర. మా మేనమామ ఓ చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆయన పాత డైరీల్లో ఇలాంటి అచ్చు కాగితాలు తేదీ వేసి అంటించి ఉండేవి, చిన్నప్పుడు అవేవో వేలిముద్రలనుకునేవాణ్ణి.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. మెయిన్ కాంటాక్టు ముఖం మీద వెండి పూత కాదు, మందపాటి వెండి బిళ్ల ఉంటుంది. గాలిలో ఉన్న గంధకం వల్ల అది నల్లబడుతుంది, మన వెండి పట్టీలు, కుందులు నల్లబడినట్టే. కొత్తగా పనిలో చేరినవాడికి అది చూడగానే చేతులు దురదపెడతాయి. ఎమరీ పేపరో, ఆకురాయో తీసుకుని తళతళ మెరిసేదాకా రుద్దేస్తాడు. పండక్కి కుందులు విభూదితో తోమినట్టు! దయచేసి తోమకండి. ఆ పల్చటి నలుపు హాని చేయదు. మూసుకునేటప్పుడు కాంటాక్టులు ఒకదాని మీద ఒకటి కాస్త రాసుకుంటాయి, ఆ రాపిడికి, స్ప్రింగు నొక్కుడుకి ఆ పొర చిట్లిపోతుంది. రాగి కిలుం మాత్రం అలా కాదు, అది కరెంటును బాగా అడ్డుతుంది. వెండి వాడటానికి ఇదో కారణం. ఆకురాయి పెడితే పోయేది నలుపు ఒక్కటే కాదు, వెండి కూడా. ఎమరీ రేణువులు మెత్తటి వెండిలో గుచ్చుకుని అక్కడే ఉండిపోతాయి. తుడవాల్సి వస్తే పోగులు రాలని గుడ్డ, తయారీదారు చెప్పిన ద్రావకం, అంతే.

మరి మంచిదో కాదో కంటికి తెలియకపోతే ఎలా? కొలవాలి. మూసి ఉన్న బ్రేకర్‌లోంచి 100 ఆంపియర్ల డీసీ కరెంటు పంపి, ఒక్కో పోల్ నిరోధం మైక్రో ఓమ్‌లలో చూస్తాం. దీన్ని పనివాళ్లు డక్టర్ టెస్ట్ అంటారు. డాక్టర్ కాదు, డక్టర్. ఆ మీటరు పాత వ్యాపార నామం అది. చేసే పని మాత్రం డాక్టరుదే అనుకోండి. మూడు పోల్స్ అంకెలు దగ్గర దగ్గరగా రావాలి. అన్నిటికంటే తక్కువదానికి సగం కలిపితే వచ్చే అంకెను ఏదైనా పోల్ దాటితే కారణం వెతకాలని మేం పాటించే లెక్క.

రెండేళ్ల కిందటి షట్‌డౌన్‌లో ఒక బ్రేకర్ ఇలా చూపించింది: 28, 31, 74. మొదటి రెండు పోల్స్ నల్లగా, ముసలి కుందుల్లా ఉన్నాయి. 74 వచ్చిన మూడో పోల్ మాత్రం అద్దంలా మెరుస్తోంది. అంతకుముందు ఎప్పుడో ఎవరో దాన్ని ఆకురాయితో "శుభ్రం" చేశారు. ముఖం గుండ్రమై, వెండి పల్చబడి, ఒక అంచున రాగి కనబడుతోంది. కార్బన్ కాగితం పెట్టి చూస్తే గీత లేదు, రెండు చుక్కలే పడ్డాయి.

పదో తరగతి పిల్లలు జూల్ సూత్రం చదివి ఉంటారు. కరెంటును కరెంటుతో హెచ్చించి, దాన్ని నిరోధంతో హెచ్చిస్తే వేడి వస్తుంది. ఆ బ్రేకర్ మామూలుగా మోసేది 1250 ఆంపియర్లు. 28 మైక్రో ఓమ్‌లకు దాదాపు 44 వాట్లు. 74కి దాదాపు 116 వాట్లు. అంటే పిడికిలంత చోట పాతకాలపు వంద క్యాండిల్ బల్బు ఒకటి, మూతపెట్టిన పెట్టెలో, ఏడాది పొడుగునా వెలుగుతున్నట్టు. వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది. స్ప్రింగు మెత్తబడితే నొక్కుడు తగ్గుతుంది. నొక్కుడు తగ్గితే నిరోధం పెరుగుతుంది, వేడి మళ్లీ పెరుగుతుంది. ఈ తిరగలి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

ఆ అంకె చదివింది మన కుర్రాడే. నిజామాబాద్ వైపువాడు, వర్క్ పర్మిట్ మీద వచ్చి ఆర్నెల్లయింది, ఓ కాంట్రాక్టు సంస్థ తరఫున పనిచేస్తున్నాడు. వాళ్ల సూపర్‌వైజర్ వచ్చి చూసి, మీటరు తప్పు, మళ్లీ కొలువు అన్నాడు. మళ్లీ కొలిస్తే 73. "కాంటాక్టు మెరుస్తోంది కదా, 34 అని రాసి లోపల పెట్టెయ్, రెండో తారీకు ఉత్పత్తి మొదలవ్వాలి" అని వెళ్లిపోయాడు. కుర్రాడు పెన్ను పట్టుకుని నావైపు చూశాడు.

"అన్నా, ఏం రాయమంటారు? నా పర్మిట్ వాళ్ల చేతిలో ఉంది."

"మీటరు చూపించింది రాయి తమ్ముడూ. రెండుసార్లు కొలిచావు, రెండూ రాయి. కింద నేను కూడా సంతకం పెడతాను."

రాశాడు. చెయ్యి వణికింది గానీ రాశాడు. నేను ఆ కాగితం తీసుకుని మా మేనేజరు గదికి వెళ్లాను. అరగంట వాదన జరిగింది. కోపతాపాలు కూడా అయ్యాయి, అవి ఇక్కడెందుకు. చివరికి స్టోర్‌లో ఉన్న స్పేర్ బ్రేకర్‌ని పరీక్షించి దాని స్థానంలో పెట్టాం, పాతదానికి కొత్త కాంటాక్టుల సెట్ తెప్పించాం. ఉత్పత్తి ఒక షిఫ్టు ఆలస్యంగా మొదలైంది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

కొత్తగా ఈ దేశం వచ్చిన మన పిల్లలకు ఒక్క మాట చెప్పాలి. 2005 నాటి ఆరోగ్య భద్రతా చట్టం అయర్లండ్‌లో అమల్లో ఉంది. భద్రత గురించి నిజాయితీగా ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగిని శిక్షించకూడదని అందులో 27వ సెక్షన్ చెబుతుంది. పర్మిట్ మీద ఉన్నా, సిటిజన్ అయినా అది ఒకటే. చట్టం ఉంటే భయం పోతుందని నేననను. ఇంటికి పంపాల్సిన డబ్బు, ఊళ్లో అప్పు, ఇవన్నీ నాకు తెలుసు. కానీ అంకె మార్చి రాస్తే ఆ కాగితం మీద ఉండేది సూపర్‌వైజర్ పేరు కాదు, మీ పేరు.

అదే షట్‌డౌన్‌లో ఇంకో బ్రేకర్ సంగతి. దాని కాంటాక్టులు ముచ్చటగా ఉన్నాయి, అంకెలు కూడా బాగా వచ్చాయి. తీరా ట్రిప్ చేసి చూస్తే మొదటిసారి తెరుచుకోలేదు! రెండోసారి బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటూ తెరుచుకుంది. ఏళ్ల తరబడి కదలకపోవడంతో కీళ్లలో గ్రీజు జీడిపాకంలా బిగుసుకుపోయింది. కాంటాక్టు ఎంత మంచిదైనా, విడిపోవాల్సిన క్షణంలో విడిపోకపోతే ఏం లాభం? పాత గ్రీజు పూర్తిగా కడిగి, చెప్పిన రకం కొత్త గ్రీజు చెప్పినంతే రాశాం. పాతదాని మీద కొత్తది పూయడం, కనబడిన చోటల్లా నూనె చిమ్మడం రెండూ పనికిరావు. ఏడాదికోసారి అయినా తెరిచి మూయని బ్రేకర్‌ని నేను నమ్మను, దాని మీద ఎంత పెద్ద కంపెనీ పేరున్నా సరే.

పూర్వం ఈ పనికి కాలం దానంతటదే కలిసొచ్చేది. కార్లోలో బీట్ దుంపల చక్కెర ఫ్యాక్టరీ 1926 నుంచి 2005 దాకా నడిచింది. దుంపలు వచ్చే చలికాలపు నెలల్లోనే ఆట, మిగతా కాలమంతా మరమ్మతులు. మన బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్‌లో కూడా చెరకు సీజన్ అయ్యాక ఆఫ్ సీజన్, అందరి చేతుల్లో స్పానర్లే. ఆ ఫ్యాక్టరీ కూడా 2015లో మూతపడింది. ఈ రెండు ఊళ్లకీ తీపి వాసన ఒక్కటే, మూతబడ్డ బాధ ఒక్కటే. ఇప్పటి ఫ్యాక్టరీలకు సీజన్ లేదు. ఏడాదిలో ఏడు రోజులు అడిగి తీసుకోవాలి. అందుకే పాపా, క్రిస్మస్‌కి నేను అక్కడుంటాను. జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి, సంక్రాంతికి ఇంట్లో అరిసెలు తింటాను, సరేనా?

ఇవన్నీ ఫ్యాక్టరీ గొడవలు, మాకెందుకు అనకండి. మీ ఇంటి మెట్ల కిందో, హాల్లో తలుపు పైనో ఉండే ఫ్యూజ్ బోర్డులో చిన్న ఎంసీబీలు ఉంటాయి. వాటిలోనూ కాంటాక్టులు, బుల్లి ఆర్క్ చ్యూట్ ఉంటాయి గానీ అవి సీలు వేసినవి. విప్పి శుభ్రం చేసేవి కావు, పాడైతే మార్చేవే. బోర్డు మూత మీరు తీయకూడదు, అది రిజిస్టర్డ్ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పని. ఎంసీబీ వెచ్చగా కాక చెయ్యి కాలేలా ఉన్నా, చిటచిట శబ్దం వచ్చినా, కాలిన చేప వాసన లాంటిది తగిలినా ఆయనకు వెంటనే ఫోన్ చేయండి.

మీరు చేయగలిగింది, చేయాల్సింది ఒకటుంది. ఆ బోర్డులోనే ఆర్‌సీడీ అని కాస్త వెడల్పాటిది ఉంటుంది, దాని మీద "టి" అని రాసిన చిన్న బటన్. సాకెట్ల లైనులో 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పి మనిషిలోంచి పోతున్నా కరెంటు కోసేసేది అదే. నా రెండో బ్రేకర్‌లాగే అది కూడా కదలకుండా ఉంటే బిగుసుకుపోవచ్చు. మూడు నెలలకోసారి ఆ బటన్ నొక్కమని చాలావాటి మీద చీటీ అంటించి ఉంటుంది. మన పత్రిక కూడా మూడు నెలలకోసారే వస్తుంది కదా! పత్రిక చేతికి రాగానే నొక్కండి. పగటిపూట నొక్కండి, పిల్లల హోంవర్క్ కంప్యూటర్లో సేవ్ అయ్యాక నొక్కండి, ముఖ్యంగా అత్తగారు ఎలక్ట్రిక్ షవర్ కింద లేనప్పుడు నొక్కండి. టప్‌మని పడాలి. పడితే మళ్లీ పైకెత్తి, ఫ్రిజ్ నడుస్తోందో లేదో చూసుకోండి. బటన్ నొక్కినా పడకపోతే ఇంకో సంచిక దాకా ఆగొద్దు, ఆ రోజే కాంట్రాక్టర్‌ని పిలవండి.